800 రూపాయల క్యాంపింగ్ కిట్: ఏం పనిచేసింది, ఏం వాగుల పోయింది

మంథని నుంచి మాట్లాడుతున్న. ముందే ఒక మాట చెప్త. ఈ ఎపిసోడ్‌ల చెప్పే సామాన్ల సగం ఇప్పుడు నా దగ్గర లేదు. పోయిన దసరా సెలవులల్ల ఒక వాగు ఎత్తుకపోయింది. అందుకే కొన్నిటికి పాత ఫొటోలే చూపిస్తున్న. ఆ వాగు సంగతి కిట్టు అయిపోయినంక చెప్త. అది వినకుండ మాత్రం పోకున్రి. ఆ రాత్రి నాతోని మా చిన్నాయన కొడుకు ఉన్నడు, వానికి పదహారేండ్లు.

సరే, ముందుగాల కిట్టు.

టెంట్ సంగతి. దుకాణంల ఇద్దరు పట్టే టెంట్ కొనాలంటే మంచిది మూడు నాలుగు వేలకు తక్కువ దొరకదు. నా దగ్గర అప్పుడు అంత లేదు. మా గల్లీ మూల మీద ఎలక్షన్లప్పుడు కట్టిన ఫ్లెక్సీ ఉండె, 8 బై 10 అడుగులది. ఎలక్షన్లు అయిపోయినయి, ఆయన ఓడిపోయిండు, ఫ్లెక్సీని ఎవ్వరూ పట్టించుకుంటలేరు. వాళ్ల మనుషులను అడిగితే "తీస్కపో తమ్మీ, ఇంకెందుకు" అన్నరు. మొదటిసారి బొమ్మ బయటికి ఉండేటట్టు కట్టినం. పొద్దుగాల లేచేసరికి ఇద్దరు పెద్దమనుషులు ముందర నిలబడ్డరు, మల్ల ఎలక్షన్లు వచ్చినయా అని. అప్పటిసంది బొమ్మ లోపలికే. రాత్రి కన్ను తెరిస్తే ఆయన చేతులు జోడించి మమ్మల్ని చూసి నవ్వుతుంటడు. అలవాటైపోయింది.

ఫ్లెక్సీ ఎందుకు పనికొస్తదంటే, లోపల పాలిస్టర్ దారాల వల ఉంటది, దానికి పీవీసీ పూత. అందుకే నీళ్లు దిగవు, గుంజితే తొందరగ చినగదు. కాని బరువు. మాది తూస్తే రెండు కిలోల పైనే వచ్చింది. వడ్లు ఆరబోసే పరదా అయితే ఇంకా బరువు. బండి మీద పోయేటోళ్లకు నడుస్తది, భుజాన మోసేటోళ్లకు కష్టం.

ఇంకో కష్టం, గాలి ఆడదు. మొదటి చలికాలం నాలుగు దిక్కులా మూసి పండుకున్నం. తెల్లారంగ మొకం మీద చుక్కలు. ఫ్లెక్సీ కారుతున్నదనుకొని రెండు రోజులు ఎండల పట్టి చిల్లుల కోసం వెతికిన. ఒక్క చిల్లు లేదు. మన ఊపిరిల ఉన్న తడే పోయి చల్లటి ఫ్లెక్సీకి తాకి నీళ్లయి మన మీదనే పడుతున్నది. అప్పటిసంది రెండు చివరలు తెరిచే ఉంచి, లోపల దోమతెర కడుతున్నం. దోమతెర 250 పెట్టి కొన్నదే. దాంట్ల పిసినారితనం చెయ్యకున్రి. మన దిక్కు డెంగీ, మలేరియా సంగతి మీకు నేను చెప్పాల్నా.

తాడు కట్టుడు కూడ ఒక విద్యనే. ఫ్లెక్సీకి ఇనుప రింగులు ఉంటయి గని, గట్టి గాలి వస్తే మొదలు ఊడేది అవే. దానికన్న, గోలీ అంత నున్నటి రాయిని మూల దగ్గర లోపల పెట్టి, బయటి నుంచి దాని మెడకు తాడు బిగించాలి. అమ్మ కొంగుల చిల్లర ముడేసినట్టే. చిల్లు పొడిచే పని లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ కట్టుకోవచ్చు. ఒక దిక్కు బండి హ్యాండిల్‌కు, ఇంకో దిక్కు బొంగుకు. మెత్తటి నేల అయితే స్టాండ్ కింద పలక రాయి పెట్టాలి. లేకుంటే నడిరాత్రి బండి, టెంట్ రెండూ మీద పడతయి. మాకు పడ్డయి.

బ్యాగులు. బండికి రెండు దిక్కుల వేలాడే సంచులను కంపెనీలు వేలకు అమ్ముతయి. మేం నాలుగు యూరియా బస్తాలు తీసుకున్నం. ఒక దాంట్ల ఒకటి పెట్టి, దబ్బనం, సుతిలితోని కుట్టి, లోపల పాలిథిన్ కవరు వేసినం. వెల్డింగ్ షాపుల సన్న రాడ్డుతోని ఒక ఫ్రేమ్ చేయించిన, 350 తీసుకున్నడు, మిగిలిన ముక్కలతోని ఎనిమిది మేకులు కూడ ఇచ్చిండు. ఫ్రేమ్ ఎందుకు అని మొదట నేను కూడ అనుకున్న. ఫ్రేమ్ లేకుండ కట్టిన మొదటి రోజే కుడి దిక్కు సంచి సైలెన్సర్‌కు అంటుకొని కాలింది. లోపల చెద్దర్లు, మా అమ్మవి. ఎడమ దిక్కు అయితే చైన్ల పడతది, అది ఇంకా ప్రమాదం.

ఇప్పుడు నాకు అన్నిటికన్న ఇష్టమైంది, పొయ్యి. ఇది నేను కనిపెట్టింది కాదు. పొట్టు పొయ్యి అని మీ ఇంట్ల అమ్మమ్మను, నాయనమ్మను అడుగున్రి, చెప్తరు. గ్యాస్ రాకముందు చాన ఇండ్లల్ల ఉండేది. నాలుగు లీటర్ల రంగు డబ్బా తీసుకోవాలి. ముందుగాల మంటల పెట్టి లోపలి రంగంత కాల్చేయాలి, ఆ పొగ పీల్చకున్రి. అడుగున పక్కకు రెండు వేళ్లు పట్టేంత రంధ్రం. ఆ రంధ్రంల నుంచి ఒక కట్టె అడ్డంగ పెట్టాలి, నడుమ ఒక సీసా నిలువుగ నిలబెట్టాలి, రెండూ లోపల తాకాలి. ఇప్పుడు సామిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టును సీసా చుట్టూ వేసి, గట్టిగ, బాగ గట్టిగ కూరాలి. తర్వాత సీసాను తిప్పుకుంట మెల్లగ పైకి తీయాలి, కట్టెను బయటికి గుంజాలి. నడుమ గొట్టం లెక్క దారి పడతది. కింద నుంచి గాలి వస్తది, పై నుంచి మంట లేస్తది. కింద రంధ్రంల చిన్న కాగితం అంటిస్తే చాలు. అన్నం, పప్పు, చాయ్ అన్నీ అయినంక కూడ ఇంకా మండుతనే ఉంటది, రెండు గంటలు ఆరామ్‌గ. పొట్టు వదులుగ కూరితే మాత్రం నడుమల కూలి మంట ఆరిపోతది, ఒకటే పొగ. వడ్ల ఊకతోని కూడ చేసి చూసిన, అంత మంచిగ రాలే.

ఒక్కటి మాత్రం. చలి ఉన్నదని ఈ పొయ్యినిగాని, బొగ్గులనుగాని టెంట్ లోపల పెట్టుకోకున్రి. మంట కనిపించకున్న, పొగ లేకున్న బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలనే ప్రాణం పోతది. రెండు చివరలు తెరిచినం గద అని కూడ పెట్టొద్దు.

లైట్ కోసం బండి బ్యాటరీకి ఎల్ఈడీ బల్బు కలిపినం. 100 సీసీ బండ్లకు బ్యాటరీ చిన్నగ ఉంటది, మూడు నాలుగు యాంపియర్ అవర్లు. ఐదు వాట్ల బల్బు గంటకు దాంట్లకెల్లి దాదాపు సగం యాంపియర్ తింటది. రాత్రంత వేస్తే పొద్దుగాల సెల్ఫ్ కొట్టదు. మాది కిక్ ఉన్న పాత బండి కాబట్టి బతికిపోయినం. కొత్త బండ్ల కొన్నిటికి కిక్కే లేదు, అవి ఉన్నోళ్లు ఈ పని చెయ్యకున్రి, టార్చి కొనుక్కోన్రి.

లెక్క చెప్త. ఫ్రేమ్ 350, దోమతెర 250, నైలాన్ తాడు 120, బొంగులు రెండు 60, రంగు డబ్బా పాత సామాన్ల దుకాణంల 20. మొత్తం 800. మిగతాదంత ఇంట్లదే.

ఇప్పుడు కొంచెం పక్కకు పోత. ఓవర్‌ల్యాండింగ్ అనే మాట వినంగనే మనకు పెద్ద జీపు, దాని మీద టెంట్, లద్దాఖ్ కొండలు గుర్తొస్తయి. ఆ మాట ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడ ఆవుల మందలను వందల మైళ్లు నేల మీద తోలుకపోయేటోళ్లను ఓవర్‌ల్యాండర్లు అనేటోళ్లు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఊరి చుట్టుపక్కల గొల్ల కురుమలు చేసేది అదే గద! కోతలు అయినంక మందలు తోలుకొని ఊర్లకు ఊర్లు తిరుగుతరు. రైతు పిలిచి "నా చెల్కల రెండు రాత్రులు మంద పెట్టు" అంటడు. గొర్ల ఎరువు భూమికి బలం. బదులుగ వడ్లో, పైసలో ఇస్తడు. ఆ గొర్లకాపరికి టెంట్ ఉండదు. ఒక గొంగడి, ఒక కర్ర, సద్ది గిన్నె.

గొంగడి అంటే మామూలు దుప్పటి కాదు. మన నల్ల గొర్రె ఉన్నితోని చేత్తో నేస్తరు, నూలుకు చింతగింజల గంజి పెడతరు. వాన వస్తే కొప్పెర వేసుకుంటరు, నీళ్లు మీది నుంచే జారిపోతయి. తడిసినా ఉన్ని వెచ్చదనం పూర్తిగ పోదు. పత్తి దుప్పటి తడిసిందంటే ఇంక అయిపోయినట్టే. కొత్త గొంగడి కొనాలంటే వేలల్లనే ఉంటది, అందుకే నా 800ల అది లేదు. లేకపోవుడు ఎంత తప్పో తర్వాత తెలిసింది.

మా నాయనమ్మ చిన్నప్పుడు మేడారం జాతరకు ఎడ్లబండి మీద పోయిన్రట. రెండేండ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర, ఇక్కడి నుంచి కాటారం మీదుగ అడవి దారి. బండి మీద గూడు, పిల్లలు దాంట్ల. పెద్దోళ్లు బండి కింద గడ్డి పరుచుకొని. బండి నుంచి నేలకు పరదా గుంజి కడితే దాని కింద పొయ్యి. జీపులకు పక్కన గుంజే పందిరిని ఇప్పుడు ఎంతకు అమ్ముతున్నరో ఒకసారి ఆన్‌లైన్ల చూడున్రి. కింద గడ్డి పరుచుడు కూడ ఊకెనే కాదు. చలి గాలి నుంచి కన్న నేల నుంచే ఎక్కువ ఎక్కుతది. ఆదిలాబాద్ దిక్కు డిసెంబర్, జనవరిల 5 డిగ్రీల దాకా పడిపోతది. అక్కడ పైన మూడు దుప్పట్లు కప్పుకున్న, కింద ఉత్త చాప ఉంటే నిద్ర రాదు. ఒక మోపు వరిగడ్డి అడుగున్రి, ఏ రైతైనా ఇస్తడు. పొద్దుగాల పోయేటప్పుడు తిరిగి కుప్పల వెయ్యాలె, అంతే.

సరే, వాగు సంగతికి వస్త. ఇది చెప్పుడు నాకు కొంచెం కష్టమే.

దసరా సెలవులు. నేను, తమ్ముడు అడవి సోమన్‌పల్లి దిక్కు పోయినం. అక్కడ మానేరు ఒడ్డున రాతిల తొలిచిన నైనగుళ్లు ఉన్నయి, చూసినం. సాయంత్రం అక్కడి నుంచి చాన దూరం వచ్చి, మానేరుల కలిసే ఒక చిన్న వాగు దగ్గర ఆగినం. వాగు పేరు చెప్పను, చెప్తే రేపు అక్కడికే పోయి టెంట్ వేస్తరు. తెల్లటి ఇసుక. నడుమ మోకాలు కూడ మునగని పాయ. ఫొటోకు ఎంత మంచిగ ఉంటదో. ఇసుకల టెంట్ కట్టినం. పక్కన తుమ్మ పొద ఉంటే తువ్వాల ఆరేసినం.

పొద్దుగూకే టైమ్‌కు ఒక తాత గొర్లను తోలుకొని వాగు దాటుతున్నడు. మమ్మల్ని చూసి ఆగిండు.

"ఏం పిలగా, ఈడనే పంటరా?"

"అవ్ తాతా, పొద్దుగాల్నే పోతం."

"ఇసుకల వద్దు. పైన చెల్క ఉన్నది, ఆడికి రాన్రి. ఆ దిక్కు మబ్బు చూసినవా?"

చూసిన. చాన దూరంల, ఆకాశం అడుగున, అప్పుడప్పుడు మెరుస్తున్నది. సప్పుడు కూడ లేదు. మా నెత్తి మీద చుక్కలు కనిపిస్తున్నయి. కట్టిన టెంట్ విప్పుడు, బండి ఇసుకల నుంచి పైకి ఎక్కించుడు, ఎవడు చేస్తడు? "సరే తాతా, చూస్తం" అన్న. ఆయన ఇంకో మాట అనలే. పోయిండు.

రాత్రి ఒకటిన్నర అయి ఉంటది. మొదట వినిపించింది కుక్క మొరుగుడు. తర్వాత దూరంగ లారీ వస్తున్నట్టు సప్పుడు. రోడ్డు లేని చోట లారీ ఎట్లొస్తది అని నిద్రలనే అనుకున్న. చెయ్యి పక్కకు పెడితే నీళ్లు. ఒడ్డు మీద టార్చి ఊపుకుంట తాత ఒర్రుతున్నడు.

బయటికి రావాలంటే దోమతెర. గట్టిగ ఉండాలని నేనే అంచులన్నీ చాప కిందికి మడిచి, మీద రాళ్లు పెట్టిన. తమ్ముడు దాంట్ల చిక్కిండు, కాళ్లకు చుట్టుకున్నది. చీకట్ల వాడు గుంజుకుంటుంటే ఇంకా బిగుస్తున్నది. పళ్లతోని చింపిన, నిజంగ. అప్పటికి నీళ్లు మోకాళ్ల దాకా. బండి తీద్దామంటే స్టాండ్ ఇసుకల దిగబడ్డది. ఒక నిమిషం దాని మీదనే పెట్టిన, ఆ నిమిషం పెట్టొద్దు. వదిలేసి ఒడ్డుకు వచ్చేసరికి తొడల దాకా వచ్చింది, కాళ్ల కింద ఇసుక జారిపోతున్నది. తాత గొంగడిని తాడు లెక్క మెలితిప్పి, ఒక కొస మా దిక్కు విసిరిండు. తమ్ముడు ముందు పట్టుకున్నడు.

పైన చెల్కల ఇద్దరం అదే గొంగడి కప్పుకొని తెల్లారేదాక కూసున్నం. అది సగం తడిసే ఉన్నది. అయినా వణుకు తగ్గింది. తాత మమ్మల్ని ఒక్క మాట తిట్టలే. బీడీ ముట్టించుకొని గొర్లను లెక్కపెట్టుకుంటున్నడు.

తెల్లారినంక చూస్తే నీళ్లు మల్ల తగ్గినయి. బండి రెండు వందల గజాల కింద ఒక చెట్టుకు ఒరిగి ఉన్నది. ఫ్లెక్సీ లేదు, సంచులు లేవు, పొయ్యి లేదు. ట్రాక్టర్ పెట్టి గుంజినందుకు 500, ఇంజిన్ల నీళ్లు పోయినందుకు మెకానిక్‌కు 3,200. అప్పుడు చూసిన ఆ తుమ్మ పొదను. దాని కొమ్మలకు, నా తలకన్న ఎత్తుల, ఎండిన గడ్డి, పాలిథిన్ కవర్లు చిక్కుకొని ఉన్నయి. ఎప్పటియో పాతయి. నీళ్లు అంత ఎత్తు వస్తయని ఆ పొద ముందే చెప్తున్నది. మేం తువ్వాల ఆరేసింది దాని మీదనే.

ఇంటికి పోయినంక చిన్నాయన ఒక్కటే అడిగిండు. "ఆడ ఎవ్వర్నన్న అడిగి పండుకున్నరారా?" నేను "అక్కడ ఎవ్వరూ లేరు చిన్నాయనా" అన్న. తమ్ముడు నా మొకం చూసిండు, ఏం అనలే. తాత చెప్పిండన్న ముచ్చట చిన్నాయనకు ఇప్పటిదాక తెల్వదు. ఇది చూస్తే తెలుస్తది. రికార్డ్ చేసే ముందు తమ్మున్ని అడిగిన, "చెప్పు అన్నా" అన్నడు.

ఇప్పుడు నేను చేసే పని. ఎక్కడికి పోయినా పొద్దు ఉండంగనే చేరుకొని, ముందు మనిషిని వెతుకుత. గొర్లకాపరో, చేపలు పట్టేటాయనో, బావి కాడ మోటరు పెట్టేటాయనో. ఎక్కడ పండుకోవచ్చు అని అడగను, ఎక్కడ పండుకోవద్దు అని అడుగుత. అట్ల అడిగితే చాన చెప్తరు. పాములు ఎక్కడ తిరుగుతయి, అడవి పందులకు కరెంటు తీగలు ఎక్కడ పెడతరు, తేనెతుట్టె ఏ చెట్టుకు ఉన్నది. ఈ కరెంటు తీగలు పెట్టుడు చట్టం ప్రకారం తప్పే, కాని చీకట్ల నడిచేటోనికి ఆ చట్టం అడ్డం రాదు.

మంథని దగ్గర గోదారి ఇసుకల పండుకుందామని కొందరు నన్ను అడిగిన్రు. నేనైతే వద్దంట. పైన ఎల్లంపల్లి ఉన్నది, సిరిపురం దగ్గర సుందిళ్ల బ్యారేజీ, కింద అన్నారం. ఎప్పుడు ఏ గేటు తెరుస్తరో ఇసుకల పండుకున్నోనికి తెల్వదు. 2022 జులైల గోదారి, బొక్కలవాగు కలిసి ఊర్లకే వచ్చినయి, మంథనోళ్లకు నేను కొత్తగ చెప్పేదేం లేదు. ఇంకోటి, అవతలి ఒడ్డున శివ్వారం మొసళ్ల అభయారణ్యం ఉన్నది. మొసలికి అభయారణ్యం హద్దు ఎక్కడిదాకనో తెల్వదు గద. రామగిరి ఖిల్లా పోయేటోళ్లు పగలు ఎక్కి పగలే దిగున్రి.

కవ్వాల్ దిక్కు పోయేటోళ్లకు కూడ చెప్పాలి. అది 2012 నుంచి టైగర్ రిజర్వ్. అభయారణ్యంల పర్మిషన్ లేకుండ లోపలికి పోవుడు, పొయ్యి అంటించుడు 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. ఎండకాలం ఒక్క నిప్పురవ్వ చాలు, టేకు ఆకుల మీద పడితే ఆపలేరు. రోడ్డు మీద పోవున్రి, చెక్‌పోస్టుల రాత్రి టైమింగులు అడుగున్రి, పడక మాత్రం జన్నారం, ఉట్నూరు లాంటి ఊర్లల్లనే.

నా తర్వాతి ప్రయాణం ఆ దిక్కే. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్, నాగోబా జాతర. మంథని నుంచి నూటయాభై కిలోమీటర్ల పైనే. అక్కడ మెస్రం వంశం గోండులు పుష్యమాసంల చెప్పులు లేకుండ నడిచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు పోతరు, గోదారి నీళ్లు తెస్తరు. తిరిగి వచ్చినంక కేస్లాపూర్ మర్రిచెట్ల కింద అందరూ దిగుతరు, ఎడ్లబండ్ల మీద కుటుంబాలు వస్తయి. అంతమంది ఉన్నా వంట 22 పొయ్యిల మీదనే, వంతులవారీగ. ఎవరి పొయ్యి వాళ్లకు ఉండాలని తిరిగే నాకు అది ఒకసారి కళ్లతోని చూడాలని ఉన్నది. ఆ మర్రిచెట్ల కింద మాత్రం మనం టెంట్ వెయ్యొద్దు, అది వాళ్ల జాగ. ఊర్ల ఎవరినన్న అడిగి ఇంకో దిక్కు వేసుకుంట.

గొంగడి కొన్న, పైసలు జమ చేసి. తాతకు మిఠాయి డబ్బా పట్టుకపోయినం, మంద అప్పటికే వేరే ఊరికి పోయిందట, ఇంకా దొరకలే. కొత్త ఫ్లెక్సీ కూడ దొరికింది. ఈసారి కోచింగ్ సెంటర్‌ది, లోపల పండుకుంటే నలభై మంది ర్యాంకర్లు మన మొకమే చూస్తుంటరు. కేస్లాపూర్ పోయొచ్చినంక అది చూపిస్త. ఉంట మరి.